ఇన్ని మోసాలు బయటపడ్డాక డాక్టరు రాసిన మాత్రను నమ్మడమెట్లా?

వైద్య పరిశోధనల్లో ఇన్ని అక్రమాలు జరుగుతుంటే మందులను ఎట్లా నమ్మాలని అడిగారు. అనంతపురంలో చాలాకాలం మెడికల్ రెప్‌గా, అంటే మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగినవాణ్ణి, ఆ వైపు నుంచి చెప్తాను. అనుమానించండి. కానీ ఫలానా చోట అని వేలు పెట్టి చూపించేలా అనుమానించండి.

నాకది నేర్పింది సాయినగర్‌లో ఒక పెద్ద డాక్టరు. రాత్రి ఓపీ అయ్యాకే రెప్‌లను లోపలికి పిలిచేవారు. డాక్టర్లకు చూపించడానికి కంపెనీ మాకిచ్చే బొమ్మల పుస్తకం, విజువల్ ఎయిడ్‌లో ఎప్పుడూ రెండు స్తంభాల బొమ్మ ఉండేది, పాత మందుది పొట్టి, మాది పొడుగు. ఆయన ముందు స్తంభాల మొదలు చూసేవారు. అంకెలు సున్నాకు బదులు 80 నుంచి మొదలైతే 84 పక్కన 88 రెట్టింపులా కనబడుతుంది. తర్వాత పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల మీద పెన్ను పెట్టేవారు. చాలాసార్లు అక్కడ ‘డేటా ఆన్ ఫైల్’ అని ఉండేది. అంటే ఆధారం కంపెనీ బీరువాలో ఉంది, బయట అచ్చు కాలేదు. ‘ముప్పు సగానికి తగ్గుతుంది సార్’ అని మేం చదివితే, ‘నూటికి ఎంతమందికి నాయనా?’ అనేవారు. నూటికి 2 ఒకటైనా సగమే, 40 ఇరవయ్యైనా సగమే. ఆ ఖర్చు, ఆ సైడ్ ఎఫెక్టులు భరించాలా వద్దా అన్నది తేలేది ఈ లెక్కతోనే.

వయాక్స్ సంగతే చూడండి. కీళ్లనొప్పులకు మెర్క్ కంపెనీ 1999లో అమెరికాలో తెచ్చిన రోఫెకాక్సిబ్ అది. సుమారు 8,000 మందితో చేసి 2000లో అచ్చువేసిన పరిశోధనలో, న్యాప్రాక్సెన్ అనే ఇంకో నొప్పి మందు వాడినవాళ్ల కంటే వీళ్లకు గుండెపోట్లు ఎక్కువొచ్చాయి. న్యాప్రాక్సెనే గుండెను కాపాడి ఉంటుందని కంపెనీ వాదించింది. ముగ్గురి గుండెపోట్లు ఆ వ్యాసంలో చేరనేలేదని 2005లో దాన్ని అచ్చువేసిన జర్నలే (వైద్య పత్రికే) బయటపెట్టింది. మందులేని ఉత్తి మాత్రతో పోల్చిన ఇంకో పరిశోధనలోనూ ముప్పు తేలాక 2004లో వెనక్కి తీసుకున్నారు. మన దేశంలోనూ ఆ ఏడాదే నిషేధించారు. ఆ నాలుగేళ్లూ నొప్పికి దాన్ని మింగినవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అయితే ఆ కోపంతో అన్నీ వదిలేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా చిన్నాయన ఇంగ్లీషు మందులన్నీ దోపిడీ అని, మోకాళ్ల నొప్పులకు పేరూ ఊరూ లేని పొడి పొట్లాలు తెచ్చుకునేవాడు. వేసుకుంటే చాలు, లేచి తోటకాడికి పోయేవాడు. కొన్నాళ్లకు మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగరు పెరిగింది. దాంట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటారనీ, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చనీ, మెల్లగా తగ్గించాలనీ డాక్టరు చెప్పారు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, కంపెనీ చిరునామా ఉన్న అట్టను నమ్మని మనిషి ఆ కాగితం పొట్లాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు.

‘జర్నల్లో వచ్చింది’ అన్న మాట దగ్గరే ఆగిపోవద్దు. హైదరాబాదు కేంద్రంగా జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థ, వ్యాసం అచ్చుకు ముందు జరగాల్సిన నిపుణుల పరిశీలన గురించి, ఫీజుల గురించి పరిశోధకులను మోసగించిందని 2019లో అమెరికా కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన దేశంలో కొత్త మందుల ప్రయోగాలను ముందుగా సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్ట్రీలో నమోదు చెయ్యాలని 2009 నుంచి నిబంధన ఉంది. ఏం కొలవబోతున్నారో అక్కడ రాసి ఉంటుంది, ఎవరైనా ఊరికే చూడొచ్చు. చివరికి అచ్చువేసింది అదేనా, మధ్యలో మార్చారా అన్నది పోల్చుకోవచ్చు.

ఇక మీ చేతిలోని చీటీ. బీపీ, షుగరు మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ‘ఇది వాడితే నాలాంటివాళ్లలో నూటికి ఎంతమందికి మేలు? వాడకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్లు వాడాలి?’ అని అడగండి. ఓపీ కిటకిటలాడే వేళ కాకుండా రిపోర్టులు చూపించడానికి పోయినప్పుడు అడగండి. నేను తిరిగిన డాక్టర్లలో ఇట్లాంటి ప్రశ్నలకు విసుక్కున్నవాళ్లున్నారు, కాగితం తీసి బొమ్మ గీసి చెప్పినవాళ్లూ ఉన్నారు. రెండో రకం డాక్టరు దొరికితే ఫీజు కొంచెం ఎక్కువైనా వాళ్ల దగ్గరికే పోండి.