ముల్లు మీటరు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అమలాపురం నుంచి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ఆంప్లిఫయర్ల మరమ్మతు కోసం నువ్వు పాత ముల్లు మీటరు, అంటే ఏసీ వోల్ట్‌మీటరు, కొనబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విని గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చేతిలో ఇమిడే డిజిటల్ మీటర్లలో చాలావాటి ఏసీ కొలతను కొన్ని వందల హెర్ట్జ్‌లు దాటాక నమ్మలేము. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అంకె పడిపోతే తప్పు ఆంప్లిఫయరుదో మీటరుదో తేలదు. హ్యూలెట్ ప్యాకర్డ్ 400ఇ దొరికితే వదులుకోకు. దానికి 1 మిల్లీవోల్టు నుంచి 300 వోల్టుల దాకా రేంజులున్నాయి, 10 హెర్ట్జ్ నుంచి 10 మెగాహెర్ట్జ్ దాకా కొలుస్తుంది. లీడర్ కంపెనీ మీటరైనా మన పనికి చాలు. అయితే సగటును కొలిచి సైన్ తరంగానికి తగిన ఆర్‌ఎంఎస్ అంకె, అంటే సిగ్నలు అసలు బలాన్ని చెప్పే అంకె, చూపే మీటర్లు, హిస్సుమనే శబ్దాన్ని సుమారు 1 డెసిబెల్ తక్కువగా చూపుతాయని గుర్తుంచుకో.

కొనేముందు ముల్లు సున్నా మీద నిలుస్తోందో లేదో చూడు. ఒకే సిగ్నలును రెండు పక్క రేంజుల్లో పెట్టి, రెండు కొలతలూ కలుస్తున్నాయో లేదో పరీక్షించు; మన కోనసీమ ఉప్పుగాలికి రేంజు స్విచ్చి కాంటాక్టులే ముందు నల్లబడతాయి. వెనక 115, 230 వోల్టుల మీట ఉంటే అది 230 మీద ఉండాలి.

ఇక నా తప్పు. ఒక తీర్థం ముందురోజు రాత్రి, మైకు సెట్టు వాళ్ల బ్రిడ్జి ఆంప్లిఫయరు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. అందులో స్పీకరు తీగలు రెండింటిలోనూ సిగ్నలు ఉంటుంది. మీటరు నల్ల క్లిప్పు లోపల ఛాసీకి, అంటే లోహపు చట్రానికి, అక్కడి నుంచి ఎర్తుకు కలిసి ఉంటుందని తెలిసీ, తొందరలో దానిని ఒక తీగకు తగిలించాను. ఔట్‌పుట్ పొగయిపోయింది. రెండు తీగలనూ విడివిడిగా గ్రౌండుతో కొలిచి కూడుకుంటే సరిపోయేది. నేను మాత్రం మహా తెలివిగా మీటరు ప్లగ్గులో ఎర్తు తీగను కత్తిరించాను. కొన్ని నెలలు ఏమీ కాలేదు. పైగా హమ్, అంటే గుయ్యిమనే కరెంటు మోత, కూడా తగ్గిందని మురిసిపోయాను. ఆ వానాకాలం, ట్రాన్స్‌ఫార్మరులో ఫేజు ఛాసీకి లీకవుతున్న సెట్టు ఒకటి వచ్చింది. నల్ల క్లిప్పు ఆ ఛాసీకి పెట్టగానే నా మీటరు ఇనుప పెట్టె అంతా కరెంటు. తడి గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడి రేంజు నాబు పక్కన చెయ్యి ఆనించాను. మీ అత్తయ్య పరుగున వచ్చి మెయిను తీయకపోతే ఈ ఉత్తరం లేదు.

వెధవా, హమ్ వచ్చినా సరే, ఆకుపచ్చగా ఉండే ఎర్తు తీగ జోలికి వెళ్లకు. రెండు పిన్నుల తీగతో మీటరు వస్తే, మూడు పిన్నులది వేయించి, ఛాసీకి ఎర్తు కలిపించాకే స్విచ్చి వెయ్యి. రబ్బరు చెప్పులు అత్తయ్య పంపుతోంది. నవ్వకుండా తొడుక్కో నాయనా.

మీటరు కొన్న రోజున ముందు ప్లగ్గు ఫోటో పంపు. ముల్లు ఎంత బాగా లేస్తోందో తరువాత చూస్తాను.

ఇట్లు,
మీ మావయ్య