కుటుంబ వైనరీలో వైన్‌మేకర్‌ పని ఎలా ఉంటుంది?

ఉద్యోగం మానేసి ఒక కుటుంబం నడిపే వైనరీలో చేరాలనుకుంటున్నారు, ఏడాదంతా పని ఎలా ఉంటుందని అడిగారు. నాసిక్ జిల్లా దిండోరి తాలూకాలో 20 ఎకరాల తోట ఉన్న ఒక కుటుంబం దగ్గర 9 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను.

ఏడాదిలో ఎక్కువ భాగం మీరు ఉండేది తోటలోనే. ఫ్రాన్స్‌లో చలికాలం వస్తే ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. ఇక్కడ ఆ నిద్ర లేదు కనుక రెండుసార్లు కత్తిరిస్తాం. ఏప్రిల్‌లో కొత్త కొమ్మ కోసం, వానలు తగ్గాక కాయ కోసం. పంట మాత్రం ఒక్కటే. రెండో కత్తిరింపు తర్వాత వాన పడిందా, బూజు తెగులు తప్పదు: ఆకు పైన నూనె మచ్చ, అడుగున తెల్లటి పొర. ఆ రోజుల్లో మా కాకా (యజమానిని అందరం అలాగే పిలుస్తాం) టీ కూడా తాగకుండా వరుసల వెంట ఆకులు తిరగేస్తూ కనిపిస్తారు.

కోత జనవరి నుంచి మార్చి దాకా. ఏ రోజు కోయాలన్నదే ఏడాది మొత్తానికీ పెద్ద నిర్ణయం. చక్కెర ఎంతో పరికరం చెబుతుంది. ఎర్ర ద్రాక్షకు 23, 24 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం లాంటి కొలత) వస్తే లెక్క సరిపోయినట్టే. కానీ నేను గింజ కొరికి చూస్తాను. పచ్చిగా ఉండి నాలుకకు వగరు పట్టేస్తే ఆగాలి. గోధుమ రంగు తిరిగి, పటుక్కున విరిగి, వేయించిన పప్పులా తగిలితే మర్నాడు తెల్లవారుజామున 4 గంటలకే దీపాలు పెట్టుకుని కోత మొదలుపెడతాం. ఎండెక్కితే పండు వేడెక్కిపోతుంది.

మా నాన్న ఒకప్పుడు మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు వేసిన రైతు. మా షిరాజ్ (ఎర్ర వైన్‌కు వాడే ద్రాక్ష రకం) గుత్తి చేతిలోకి తీసుకుని "ఇంత చిన్న కాయా?" అని బెంగపడ్డారు. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ, రంగూ వగరూ ఉండేది తొక్కలోనే అని చెప్పాక, ఒక్కో కాయా చిదిమి చూస్తూ గంటసేపు అక్కడే కూర్చున్నారు.

నా రెండో ఏడు కోతల మధ్యలో రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది. పులుస్తున్న ట్యాంకు 35 డిగ్రీలు దాటింది, ఈస్ట్ చచ్చిపోయింది, చక్కెర సగంలో నిలిచిపోయింది. కాకా ఒక్క మాట అనలేదు. తెల్లవార్లూ నా పక్కనే కూర్చున్నారు. కొత్త ఈస్ట్‌తో మళ్లీ పులియబెట్టినా ఆ వైన్‌ను వాళ్ల ఇంటి పేరుతో సీసాల్లో నింపలేదు. నష్టానికే టోకుగా అమ్మేశారు. కుటుంబం దగ్గర పనిచేయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

రాజీనామా ఇచ్చే ముందు ఒక్క కోత సీజను ఎక్కడైనా పనిచేసి చూడండి. గొట్టాలు కడగమన్నా, పిప్పి ఎత్తమన్నా, తొక్కలు రోజుకు నాలుగుసార్లు రసంలోకి ముంచమన్నా చేయండి. ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వినవద్దు. అప్పుడే ఖాళీ చేసిన ట్యాంకులోకి, గాలి ఆడించి పరీక్షించకుండా తల కూడా పెట్టవద్దు. పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలిచి ఉంటుంది. కంటికి కనిపించదు.