ఆ రికార్డు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. న్యూయార్క్‌లో అలన్ వేగా, మార్టిన్ రెవ్ ఇద్దరే కలిసి 'సూయిసైడ్' అన్న పేరుతో నడిపిన సంగీత బృందం 1977లో తెచ్చిన తొలి ఆల్బమ్ మీద తెలుగులో రాయాలని నీకు తోచడం నాకు నచ్చింది. మెచ్చుకోలు ఇక్కడితో ఆపుతాను, ఏమనుకోకు.

మొదటి పేరాలోనే ప్రోటో పంక్, సింథ్‌పాప్, ఇండస్ట్రియల్ అని వరసగా సంగీత శైలుల ముద్రలు గుద్దేశావు. ఆ రికార్డు ఎప్పుడూ విననివాడికి వీటిలో ఏం వినబడుతుంది? సింథసైజర్లతో కట్టే ఆ సింథ్‌పాప్ దుకాణం అప్పటికింకా పూర్తిగా తెరవనేలేదు. ఇండస్ట్రియల్ అనేది లండన్‌లో థ్రాబింగ్ గ్రిసిల్ అనే బృందం వాళ్ళు 1976లో సొంత రికార్డు లేబుల్‌కి పెట్టుకున్న పేరు. న్యూయార్క్‌లో వేగా, రెవ్ వీటిలో దేనికీ సభ్యత్వం తీసుకోలేదు. ఆ పేర్లు చివరకు నెట్టు. గదిలో ఎవరున్నారో మొదట చెప్పు. గిటారు లేదు, డ్రమ్మర్ లేడు. ఒక పాత ఆర్గాను, తాళం వేసే చవక పెట్టె, వాటి దగ్గర రెవ్. ముందు మైకు పట్టుకుని వేగా. అంతే, ఇద్దరు. రెవ్ జాజ్ నేర్చుకున్నవాడని కూడా రాయి. రెండు మూడు స్వరాల దగ్గరే శ్రుతిపెట్టెలా ఉండిపోవడం అతనికి చేతకాకపోవడం వల్ల కాదని పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది. వేగా గొంతులో యాభైల నాటి రాకబిల్లీ, అంటే తొలినాళ్ళ రాక్ అండ్ రోల్ పాటగాళ్ళ ఎక్కిళ్ళు ఉన్నాయి. అది నువ్వు అసలు పట్టించుకోలేదు. పాతకాలపు ఆ గొంతు ఈ యంత్రం మీద పడినప్పుడు పుట్టే వింతే ఈ రికార్డు.

తర్వాత బ్రసెల్స్ గొడవ. 1978లో ఇంగ్లిష్ గాయకుడు ఎల్విస్ కాస్టెలో కచేరీకి ముందు వీళ్ళు వాయించడం, జనం కేకలు, మైకు లాక్కోవడం. మంచి కథే, కాదనను. కానీ ఈ జంట గురించి రాసే ప్రతివాడూ అక్కడినుంచే ఎత్తుకుంటాడు. పైగా అది ఆల్బమ్ వచ్చాక జరిగింది. జనం ఏం చేశారో చెప్పడం తేలిక, పాటలో ఏముందో చెప్పడమే కష్టం. తీసేయ్.

ఇక ఈ ఆల్బమ్‌లోని 'ఫ్రాంకీ టియర్‌డ్రాప్' పాట. "వేగా అరుపు మానవ వేదనకు పరాకాష్ఠ" అని రాశావు. ఈ వాక్యం ఏ అరుపుకైనా అతుకుతుంది. ఈ పాటలో ఏం జరుగుతుందో చూడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, పెళ్ళాం, పసిబిడ్డ. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా ఫ్యాక్టరీలో పని. జీతం తిండికి చాలదు, ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. బిడ్డనీ భార్యనీ చంపి తననూ చంపుకుంటాడు. ఇది పేపర్లో నాలుగు లైన్ల వార్త. వేగా దాన్ని దాదాపు అలాగే చెబుతాడు, చిన్న మాటల్లో, ఎగశ్వాసతో. భయం మాటల్లో లేదు. కింద రెవ్ పెట్టె కొడుతున్న దెబ్బ హత్యకు ముందు ఎలా ఉందో తర్వాతా అలాగే ఉంటుంది. ఫ్రాంకీ చచ్చినా షిఫ్టు ఆగదు. పది నిమిషాలకు పైగా ఇదే. ఏడు పాటల రికార్డులో దాదాపు మూడో వంతు దీనికే ఇచ్చారు. ఆ నిడివి గురించి నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు! అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 నాటి 'నెబ్రాస్కా' ఆల్బమ్‌లో 'స్టేట్ ట్రూపర్' పాట చివర వేసే కేకకు మూలం ఇక్కడే ఉంది. ఈ సంగతి వేసుకో. పాఠకుడి చేత రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వినిపిస్తుంది.

ఒక్క అనుమానం. ఏడు పాటల్లో 'షెరీ'ని నువ్వెందుకు వదిలేశావు? అది ప్రేమపాట కనుకా? గంటల్లా మెత్తగా మోగే కీబోర్డు, వేగా దాదాపు గుసగుసలాడుతూ ఒక పేరే పిలుస్తుండటం. "భయానక ఆల్బమ్" అన్న నీ శీర్షికకు అది అడ్డం వచ్చిందనుకుంటాను. అడ్డం వచ్చినప్పుడు మార్చాల్సింది శీర్షికని. అదే జంట, అదే పద్ధతి. ఒకచోట లాలన, ఇంకోచోట శవాలు. తర్వాత ఇంగ్లండులో సాఫ్ట్ సెల్ లాంటి జంటలు వీళ్ళ దగ్గర నేర్చుకున్నదాంట్లో ఈ లాలనకే ఎక్కువ వాటా అని నా లెక్క. నీకు వేరేలా వినబడితే గట్టిగా రాయి, పోట్లాడుకుందాం.

విశేషణాలన్నీ పెన్సిల్‌తో కొట్టేసి పంపుతున్నాను. పాట ఆపి, మళ్ళీ పెట్టి, చెవిన పడ్డదే రాయి. రెండో ప్రతి వచ్చాక ముందు 'షెరీ' పేరానే చూస్తాను.

ఉంటాను,
అన్నయ్య