శాన్ కార్లోస్ అపాచీ భూమిలోని వెచ్చని ఊటకు వెళ్ళాలంటే అరిజోనా రాష్ట్ర పర్మిట్ సరిపోతుందా?

సరిపోదు. సుమారు 18 లక్షల ఎకరాల ఆ భూమి అపాచీ అనే అమెరికా ఆదివాసీ తెగది, రాష్ట్ర పర్మిట్లు అక్కడ చెల్లవు. హైవే దిగి మట్టిరోడ్డు ఎక్కేముందే తెగవాళ్ళిచ్చే పర్మిట్ చేతిలో ఉండాలి. ఫీనిక్స్ నుంచి గ్లోబ్ పట్టణం 140 కి.మీ.; అక్కణ్ణుంచి 70వ నంబరు హైవే మీద పెరిడాట్ అనే ఊరికి వెళ్తే తెగవాళ్ళ రిక్రియేషన్ అండ్ వైల్డ్‌లైఫ్ ఆఫీసు వస్తుంది. ఊట దారి ఆ రోజు తెరిచి ఉందో లేదో కూడా అక్కడే అడగండి.

అసలు ఇబ్బంది రోడ్డుతోనే. వానపడితే బంకమన్ను టైరు గాడుల్లో నిండిపోతుంది, ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎగువన ఎక్కడో కురిసినా ఇక్కడ వాగు పొంగుతుంది. మనిషికి రోజుకు 4 లీటర్ల మంచినీళ్ళు తీసుకెళ్ళండి.

ఊటలో మెడదాకా దిగండి, తల మాత్రం ముంచొద్దు. వెచ్చని మంచినీటిలో నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉండొచ్చు. మింగితే ఏమీ కాదు. ముక్కులోకి పోతే మెదడుకు ఎక్కుతుంది. చాలా అరుదు, కానీ సోకినవాళ్ళలో బతికేది ఏ కొద్దిమందో. సబ్బు, షాంపూ వాడకండి.

అన్నట్టు, అక్కడ దొరికే ఆకుపచ్చ పెరిడాట్ రాళ్ళు ఏరుకునే హక్కు తెగవాళ్ళదే. జేబులో వేసుకోకండి.