బ్రౌజర్ ఒక్కదానితో షాపు నడిపి చూశాను

ఇక విండోస్ లాంటివి అక్కర్లేదా, అన్నీ బ్రౌజరే చూసుకుంటుందా అని అడిగారు. నాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ, ఆన్‌లైన్ పనుల షాపు. రెండేళ్ల క్రితం హార్డ్‌డిస్క్ పోయి సిస్టమ్ మూలపడితే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి బ్రౌజర్ తప్ప ఇంకేమీ లేని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. చవగ్గా వచ్చింది మరి.

మొదటి వారం హాయిగా గడిచింది. కరెంటు బిల్లులు, బస్సు టికెట్లు, పరీక్షల అప్లికేషన్లు అన్నీ సైట్లలోనే కదా. స్విచ్ వేసి టీకి వెళ్లొచ్చే అలవాటు కూడా పోయింది.

ఆ తర్వాత ఒకాయన కంపెనీ జీఎస్టీ రిటర్ను మీద డిజిటల్ సంతకం పెట్టాలని యూఎస్‌బీ టోకెన్ (ఆ సంతకం దాచి ఉంచే పెన్‌డ్రైవ్ లాంటిది) పట్టుకొచ్చారు. గుచ్చాను. లైటు వెలిగింది గానీ పోర్టల్‌కి అది కనబడలేదు. విషయమేంటంటే, సెక్యూరిటీ కోసం బ్రౌజర్లు స్మార్ట్‌కార్డు తరహా పరికరాలను వెబ్‌సైట్ల చేతికి ఇవ్వవు. అందుకే ఎమ్‌సైనర్ అనే ప్రోగ్రామ్ విడిగా వేసుకోవాలి. టోకెన్‌కీ పోర్టల్‌కీ మధ్య కబుర్లు మోసేది అదే. బ్రౌజర్ తప్ప వేరే ప్రోగ్రామ్ వేసుకునే వీలే నా ల్యాప్‌టాప్‌లో లేదు. పాపం, ఆయన ఇంకో షాపుకి పోయారు.

అదే సాయంత్రం ఒక శుభలేఖ వచ్చింది. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైల్లోంచి కాపీ చేసిన మేటర్, అను ఫాంట్లు. బ్రౌజర్‌లో పేస్ట్ చేస్తే పెళ్లికొడుకు పేరున్న చోట ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ వరసకట్టాయి. అవి అన్ని సిస్టమ్‌లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ ఫాంట్లు కావు, ఆ ఫాంట్ సిస్టమ్‌లో ఉంటేనే తెలుగు కనిపిస్తుంది.

బ్రౌజర్‌ది చిన్న బలమేం కాదు. 2017లో వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్‌లోనే ప్రోగ్రాముల్ని వేగంగా నడిపే పద్ధతి) వచ్చాక బరువైన ప్రోగ్రాములూ అందులో నడుస్తున్నాయి, 2023లో ఫొటోషాప్ వెబ్ వెర్షన్ కూడా ట్రయల్ దశ దాటి బయటికొచ్చింది. 2017లోనే వచ్చిన జియోఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ కైఓఎస్ కూడా, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాళ్లు చేసిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌కి వారసురాలే, అందులో యాప్‌లన్నీ వెబ్ సరుకే. కాకపోతే దాని అడుగునా లైనక్స్ కెర్నల్ (మెషీన్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉంది, బ్రౌజరే ప్రధానంగా గూగుల్ 2009లో ప్రకటించిన క్రోమ్ ఓఎస్ అడుగునా ఉంది. పైగా క్రోమ్ ఓఎస్‌కి 2016లో ఆండ్రాయిడ్ యాప్‌లు, 2018లో లైనక్స్ ప్రోగ్రాములు జోడించాల్సి వచ్చింది. బ్రౌజరొక్కటే చాలితే అవన్నీ ఎందుకు చెప్పండి?

మీ పని మెయిలు, డాక్యుమెంట్లు, వీడియోలతో సరిపోతే ధైర్యంగా అలాంటిదే కొనుక్కోండి. నేను మాత్రం ఆ ల్యాప్‌టాప్‌ని కౌంటర్ మీద పెట్టి, పాత విండోస్ సిస్టమ్‌కి కొత్త డిస్క్ వేయించి వెనక బల్ల మీద ఉంచాను. టోకెన్ వచ్చినా, శుభలేఖ వచ్చినా కుర్చీ అటు తిప్పుకుంటాను.