పైరాక్సీన్ గింజ అంచు దగ్గర కనిపించే శిలా చరిత్ర

రాతిలోని నల్లని గింజ పైరాక్సీన్ అనే ఖనిజమో, దానిలాగే కనిపించే హార్న్‌బ్లెండ్ అనే ఖనిజమో ఎలా తేల్చాలని, శిలల పుట్టుకలో పైరాక్సీన్‌కు అంత ప్రాధాన్యం ఎందుకని అడిగారు. భూగర్భశాస్త్రం చదివే రోజుల్లో నన్ను కూడా చాలాకాలం వేధించిన ప్రశ్నలివి.

మొదటిదానికి రంగును నమ్మకండి. భూతద్దం పట్టి, గింజ పగిలిన చోట రెండు నునుపైన తలాలు కలిసే కోణాన్ని చూడండి. అది లంబకోణానికి దగ్గరగా, అంటే సుమారు 87 లేదా 93 డిగ్రీలు ఉంటే పైరాక్సీన్. 56 లేదా 124 డిగ్రీలు ఉంటే హార్న్‌బ్లెండ్. పైరాక్సీన్‌లో సిలికా చతుర్ముఖులు (ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉన్న నిర్మాణాలు) ఒంటి గొలుసుగానూ, హార్న్‌బ్లెండ్‌లో జంట గొలుసుగానూ అల్లుకొని ఉండటమే ఈ తేడాకు కారణం.

రెండో ప్రశ్నకు సమాధానం నాకు పుస్తకంలో కంటే సూక్ష్మదర్శిని కింద బాగా అర్థమైంది. 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన గాబ్రో (భూమి లోపల నెమ్మదిగా గట్టిపడిన ముదురు రంగు శిల) ముక్కలో, మెరిసే రంగులతో ఆలివిన్ అనే ఖనిజపు గింజ ఒకటి కనిపించింది. దాని అంచులు కొరికేసినట్లు అరిగిపోయి ఉన్నాయి. చుట్టూ మసక బూడిదరంగులో ఆర్థోపైరాక్సీన్ (పైరాక్సీన్‌లో ఒక రకం) పట్టీ కట్టింది. ముందుగా గట్టిపడిన ఆలివిన్, చల్లబడుతున్న శిలాద్రవంలోని సిలికాతో చర్య జరిపి పైరాక్సీన్‌గా మారుతుండగా, ఆ మార్పు సగంలోనే ఆగిపోయిన దృశ్యమది. శిలా శాస్త్రవేత్త నార్మన్ బోవెన్ వివరించిన చర్యాక్రమం, అంటే శిలాద్రవం చల్లబడేకొద్దీ ఒక ఖనిజం చర్య జరిపి మరొకటిగా మారే వరుస, నాకు ఆ ఒక్క గింజలో కనిపించింది. ఆలివిన్ గింజలు ఆ ద్రవం అడుగుకు దిగిపోయి ఈ చర్యకు దూరమైతే మాత్రం, మిగిలిన ద్రవంలో సిలికా శాతం పెరుగుతూ పోయి భిన్నమైన శిలలు పుడతాయి.

పైరాక్సీన్ అంటే గ్రీకులో 'అగ్నికి పరాయిది' అని అర్థం. లావాలో ఈ స్ఫటికాలు బయటినుంచి వచ్చి చిక్కుకున్నాయని భావించి 1796లో ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రవేత్త ఆయుయ్ ఈ పేరు పెట్టారు. నిజానికి అవి లావా పైకి రాకముందే ఆ ద్రవంలోనే రూపుదిద్దుకున్నవి.

భూప్రావారంలోని (భూపటలం కింది పొరలోని), ఆలివిన్, పైరాక్సీన్‌లు ప్రధానంగా ఉండే పెరిడోటైట్ శిల పాక్షికంగా కరిగేటప్పుడు, కాల్షియం ఎక్కువగా ఉన్న క్లైనోపైరాక్సీన్ అనే పైరాక్సీన్ రకం ఆలివిన్ కంటే త్వరగా ఖర్చవుతుంది. అలా పుట్టిన ద్రవమే సముద్రగర్భంలో బసాల్ట్‌గా పరుచుకుంటుంది. మీ చేతిలోని నల్లరాయి బసాల్ట్ అయితే, అందులోని ఆగైట్ (ఒక రకం క్లైనోపైరాక్సీన్) గింజల కాల్షియంలో చాలా భాగం ఒకప్పుడు భూప్రావారపు పైరాక్సీన్‌లో ఉన్నదే.