ఎడారి మేత భూములకు బోరు నీళ్లు సరిపోతాయా?

వానలు సరిగా పడని చోట బోర్ల మీద ఆధారపడి పశువుల మేత భూములు నడపొచ్చా అంటే, నడపొచ్చు, కానీ ఆ నీళ్లు పశువులు తాగడానికే, గడ్డి పెంచడానికి కాదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ చూడండి, దేశంలో ఐదో వంతుకు పైగా నేల కింద పరుచుకున్న నీళ్లు. 1878లో అక్కడ మొదటి బోరు వేస్తే మోటారు లేకుండానే నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. చాలాచోట్ల ఆ నీళ్లలో సోడియం ఎక్కువ. ఆవులూ గొర్రెలూ తాగుతాయి గానీ పొలానికి పెడితే నేల పాడవుతుంది.

అసలు నష్టం మాత్రం మనుషులు చేసిందే. బోర్లకు మూతల్లేకుండా వదిలేసి, ఆ నీళ్లను మైళ్ల కొద్దీ మట్టి కాలవల్లో పారించారు, అందులో 90 శాతానికి పైగా ఆవిరైపోవడమో ఇంకిపోవడమో జరిగేది. నీళ్లను పైకి తన్నే నేల కింది ఒత్తిడి పడిపోయింది, ఎప్పటి నుంచో ఊరుతున్న ఊటలు ఎండిపోయాయి. 1999 నుంచి ప్రభుత్వాలు డబ్బు పెట్టి బోర్లకు వాల్వులు బిగించి, పైపులు వేయించి, తొట్లు కట్టించాక చాలాచోట్ల ఒత్తిడి మళ్లీ పెరిగింది.

ఇంకోటి, తొట్టి చుట్టూ పశువులు తొక్కి తొక్కి అక్కడి గడ్డే ముందు పోతుంది. అందుకే తొట్లు దూరం దూరంగా పెట్టుకోండి, ఎన్ని పశువులను ఉంచాలో నీళ్లను బట్టి కాదు, గడ్డిని బట్టి లెక్కేసుకోండి.